కొత్త విజిల్‌కు కొండంత అండ

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, ఈసారి ఆటల మీద మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను కాస్త వెనకాడాను. ఆటల గురించి మాట్లాడాలంటే పతకాలు తెచ్చినవాళ్లు మాట్లాడాలి. నేను యూనిట్ జట్టులో వాలీబాల్ ఆడాను, అంతే. ఆడినదానికంటే ఊదింది ఎక్కువ. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇరవై మూడేళ్లు మెడలో విజిల్ వేలాడింది. 2009లో ఇంటికి వచ్చాక కూడా అది దిగలేదు. "తాళి నాకు కట్టి, దారం మీరు కట్టుకున్నారు" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అందుకని ఆటగాళ్ల గురించి కాకుండా, ఆటను నడిపించేవాళ్ల గురించి మాట్లాడతాను. అందులోనూ ఒకే ఒక్క విషయం: కొత్తగా విజిల్ పట్టిన కుర్రాడి పక్కన పాత రెఫరీ ఎందుకు నిలబడాలి, ఎలా నిలబడాలి.

వాలీబాల్ గురించి ఈ సభలో పరిచయం అక్కర్లేదు. రెండు స్తంభాలు పాతి, మధ్యలో నెట్ కట్టి, సున్నంతో గీతలు గీస్తే చాలు, అది వాలీబాల్ కోర్టు. సాయంత్రం గేమ్స్ పరేడ్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది అదే. 1962 జకార్తా ఏషియాడ్‌లో మన దేశానికి వాలీబాల్‌లో రజతం, 1986 సియోల్‌లో కాంస్యం వచ్చాయి. మన తెలుగువాళ్లలో ఎం. శ్యాంసుందర్ రావు గారు, ఎ. రమణారావు గారు ఆటకు అర్జున, శిక్షణకు ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. ఆటగాడి పేరు పేపర్లో పడుతుంది, కోచ్ పేరు కూడా పడుతుంది. రెఫరీ పేరు మాత్రం స్కోర్‌షీట్ అడుగున సంతకంగా మిగిలిపోతుంది. అందులో తప్పేమీ లేదు. మంచి రెఫరీ అంటే మ్యాచ్ అయ్యాక ఎవరికీ గుర్తు లేనివాడే. అయితే ఆ గుర్తులేని మనిషి ఎలా తయారవుతాడో ఆలోచించేవాళ్లు తక్కువ.

నా మొదటి మ్యాచ్ సంగతి చెబుతాను.

అది 1986. నేను అప్పుడు లాన్స్ నాయక్‌ని, సర్వీసు అయిదేళ్లు. మా యూనిట్లో ఆటలన్నీ చూసే ఒక సుబేదార్ సాబ్ ఉండేవారు. కేరళ మనిషి. హిందీని మలయాళం యాసలో గుండ్రంగా మాట్లాడేవారు. ఆయన నన్ను తీసుకొచ్చి ఒకేసారి కుర్చీ ఎక్కించలేదు. ఒక ఏడాది లైన్ దగ్గర జెండా పట్టించారు. ఇంకో ఏడాది స్కోర్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సర్వీస్ వరుస తప్పితే కనిపెట్టాల్సింది స్కోరరే కాబట్టి, అక్కడ కూర్చుంటే ఆట లెక్క ఒంటబడుతుంది అనేవారు. మ్యాచ్‌కి ముందు కొలకర్ర నా చేతికిచ్చి నెట్ కొలవమనేవారు. మగవాళ్లకు మధ్యలో 2.43 మీటర్లు ఉండాలి. రెండు చివర్లా ఒకే ఎత్తు ఉండాలి, మధ్య కొలత కంటే రెండు సెంటీమీటర్లు మించకూడదు. నేను మధ్యలో కొలిచి "ఠీక్ హై సాబ్" అంటే, ఆయన మారుమాట లేకుండా చివరి వైపు వేలు చూపించేవారు. "నువ్వు కొలిచేది నెట్‌ని కాదు, నీ మీద ఆటగాళ్ల నమ్మకాన్ని. వాళ్లు చూస్తూ ఉంటారు" అని ఒకసారి అన్నారు.

అలా రెండేళ్లు గడిచాక, కంపెనీల మధ్య ఫైనల్ రోజున నన్ను పైన నిలబెట్టి, ఆయన కింద రెండో రెఫరీగా నిలబడ్డారు. ఆయన అనుభవానికి, హోదాకి పైన ఉండాల్సింది ఆయన. నేను మొహమాటపడితే, "పైనుంచి అన్నీ కనిపిస్తాయి, భయం కూడా కనిపిస్తుంది. కింద నేనున్నాను, ఎక్కు" అన్నారు.

మూడో సెట్ 13-13. అప్పుడు సెట్ 15 పాయింట్లకి, సర్వీస్ చేసే జట్టుకే పాయింట్. సర్వీస్ ఒక కెప్టెన్ సాబ్ ఆడుతున్న జట్టుది. కెప్టెన్ అంటే ర్యాంకులోనూ కెప్టెన్, జట్టుకీ కెప్టెన్. బంతి లేచింది, ఆయన ఎగిరి కొట్టారు. బంతి అవతలి కోర్టులో దుమ్ము లేపింది. చప్పట్లు మోగాయి. నేను విజిల్ ఊదాను. కానీ కొట్టి దిగేటప్పుడు ఆయన మోచెయ్యి నెట్‌ని తాకడం నేను చూశాను. ఆ వైపు చూడాల్సింది నేనే. విజిల్ అయితే ఊదాను, ఇప్పుడు చెయ్యి ఎటు చూపించాలి? చెయ్యి లేవలేదు. అదేదో గంటసేపనిపించింది గానీ, రెండు సెకన్లు ఉంటుందేమో. కిందకి చూశాను.

సుబేదార్ సాబ్ విజిల్ ఊదలేదు. నోరు విప్పలేదు. ఛాతీ దగ్గర, నాకు మాత్రమే కనిపించేలా, ఒక వేలితో నెట్ వైపు చూపించి చెయ్యి దించేశారు. ఇక నా వైపు చూడనే లేదు.

నేను అవతలి జట్టుకి సర్వీస్ ఇచ్చి, నెట్ టచ్ సైగ చేశాను.

కెప్టెన్ సాబ్ నా కుర్చీ వైపు వచ్చారు. మొహం ఎర్రబడి ఉంది. గ్రౌండ్ అంతా నిశ్శబ్దం. సుబేదార్ సాబ్ నెమ్మదిగా వచ్చి స్తంభం పక్కన నిలబడి అన్నారు: "సాబ్, టీమ్ కెప్టెన్‌గా మీరు అడగొచ్చు. రెఫరీ జవాబు చెబుతాడు."

చూడండి, ఆయన నా తరఫున జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ క్షణానికి నేను బతికిపోయేవాణ్ణి, కానీ రెఫరీగా అక్కడే చచ్చిపోయేవాణ్ణి. దారి కాశారు, జవాబు మాత్రం నాకే వదిలేశారు. నేను "నెట్ టచ్, సాబ్" అన్నాను. గొంతు వణికే ఉంటుంది. కెప్టెన్ సాబ్ ఒక్క నిమిషం నన్నే చూసి, తన మోచెయ్యి వైపు చూసుకుని, "హాఁ, లగా థా" అని వెనక్కి వెళ్లిపోయారు. ఆయన కూడా దొడ్డమనిషి.

మ్యాచ్ అయ్యాక లంగర్ దగ్గర టీ తాగుతూ సుబేదార్ సాబ్ అడిగారు.

"నెట్ టచ్ ఎప్పుడు చూశావు?"

"బంతి కింద పడకముందే సాబ్."

"మరి చెయ్యి ఎందుకు ఆగింది?"

"కెప్టెన్ సాబ్ కదా..."

ఆయన నవ్వి, "బనియన్ మీద స్టార్లు నీకు ఎక్కడ కనిపించాయి, బేటా?" అన్నారు.

అంతే. తిట్టు లేదు, ఉపన్యాసం లేదు. ఆ మాట ఇరవై మూడేళ్లు నాకు అన్నం పెట్టింది. మన దళాల్లో రెఫరీకి ఉన్న ప్రత్యేకమైన కష్టం ఇదే. పొద్దున ఫాలిన్‌లో సెల్యూట్ కొట్టిన చేత్తోనే సాయంత్రం ఆ పెద్దాయనకు తప్పు చూపించాలి. పుస్తకం చదివితే రూలు వస్తుంది. ఆ చెయ్యి లేచే ధైర్యం మాత్రం పుస్తకంలో రాదు. పక్కన ఒక పెద్ద ఉంటేనే వస్తుంది.

ఇక రెండో సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

2000 సంవత్సరం. నేను నాయబ్ సుబేదార్‌ని, పేరున్న రెఫరీని. పేరుందని నేనే అనుకునేవాణ్ణి కూడా. ర్యాలీ పాయింట్ పద్ధతి కొత్తగా వచ్చిన రోజులు. సర్వీస్ ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింటే, సెట్ 25కి. ఇదివరకు ఒక తప్పుకి సర్వీస్ పోయేది, ఇప్పుడు పాయింటే పోతుంది. అందరి మీదా ఒత్తిడి పెరిగింది. బ్రిగేడ్ పోటీల సెమీఫైనల్. నేను మొదటి రెఫరీని. అవతలి మూల లైన్ దగ్గర జెండా పట్టుకుని ఒక తెలుగు కుర్రాడు. సిపాయి, ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లు. నేనే వాణ్ణి లాక్కొచ్చాను, మన పిల్లాడు పైకి రావాలని.

చివరి సెట్‌కు ముందు సెట్, 24-23. కొట్టిన బంతి అవతలి చివరి గీత దగ్గర పడింది. కుర్రాడు జెండా కిందికి చూపించాడు, అంటే లోపల. నాకు బయట పడినట్టు కనిపించింది. నేను వాడి నిర్ణయం మార్చి బయట అన్నాను. 24-24. మొదటి రెఫరీకి ఆ అధికారం ఉంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ వాడు వెంటనే కుదుటపడలేదు. వంగి గీత మీద వేలు పెట్టి నాకేదో చూపించబోయాడు. నాతో వాదిస్తున్నాడనుకున్నాను. నలుగురూ చూస్తుండగా విజిల్ ఊది, "జెండా పెట్టి బయటికి వెళ్లు" అన్నాను. ఇంకొకణ్ణి నిలబెట్టాను. సరిగా పనిచేయని లైన్ జడ్జిని మార్చే అధికారం కూడా మొదటి రెఫరీకి ఉంది. రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అందుకే అది మరీ పెద్ద తప్పు.

మ్యాచ్ అయ్యాక వాడు కనిపించలేదు. నేనూ వెతకలేదు. మర్నాడు మూవ్ ఆర్డర్ వచ్చి నేను వేరే చోటికి వెళ్లిపోయాను. వాడి సంగతి మరచిపోయాను.

పదకొండేళ్ల తర్వాత, 2011లో, మన క్యాంటీన్ క్యూలో నా ముందు నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగి, "సాబ్, గుర్తున్నానా?" అన్నాడు. వాడే. హవల్దార్‌గా దిగాడు. పిల్లలు, ఉద్యోగం, అన్నీ బాగున్నాయి. మాటల మధ్యలో "ఇప్పుడు ఊదుతున్నావా?" అని అడిగాను. "ఆ రోజు తర్వాత మళ్లీ జెండా పట్టలేదు సాబ్" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. నేను నేల చూపులు చూస్తుంటే వాడే అన్నాడు: "బంతి పడిన చోట గీత మీద సున్నం చెదిరింది సాబ్. అది చూపిద్దామని వేలు పెట్టాను. మీరు నిర్ణయం మార్చడం మీ హక్కు. దానికి నాకు బాధ లేదు. పదిమందిలో బయటికి పొమ్మన్నారు చూడండి..." అని ఆగిపోయాడు.

ఆ బంతి లోపల పడిందో బయట పడిందో పక్కన పెడదాం. గీత మీద సున్నం చెదిరితే అది లోపలే, మట్టి కోర్టులో ఆడిన ఎవరికైనా తెలుసు. నేను దిగి ఓ పది అడుగులు వేసి చూడొచ్చు. రెండో రెఫరీని పంపొచ్చు. కనీసం సాయంత్రం టీకి పిలిచి, "ఏం చూపించబోయావురా?" అని ఒక్క మాట అడగొచ్చు. ఏదీ చేయలేదు. నాకు 1986లో సుబేదార్ సాబ్ ఏది ఇచ్చారో, 2000లో నేను ఆ కుర్రాడికి అది ఇవ్వలేదు. "ఇప్పుడైనా రావయ్యా, జిల్లా పోటీలకు నాతో నిలబడు" అన్నాను. "ఇప్పుడెందుకులెండి సాబ్" అని సామాను సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త రెఫరీలు రూలు తెలియక మానేయరు. ఆటలో తప్పు చేసి కూడా మానేయరు. తప్పు చేసిన రోజున, లేదా తప్పు చేయకపోయినా తప్పు పడ్డ రోజున, ఒంటరిగా మిగిలిపోతే మానేస్తారు. ఇదీ నేను నేర్చుకున్నది.

వాలీబాల్ రూలు పుస్తకంలో రెండో రెఫరీ గురించి ఒక మాట ఉంది. తన పరిధిలో లేని తప్పును కూడా అతను విజిల్ ఊదకుండా సైగతో చూపించవచ్చు. కానీ మొదటి రెఫరీ ఒప్పుకోకపోతే పట్టుబట్టకూడదు. 1986లో సుబేదార్ సాబ్ ఛాతీ దగ్గర వేలు చూపించి దించేశారన్నానే, అది ఇదే. నా మట్టుకు, పాత రెఫరీ కొత్తవాడికి చేయాల్సిన సాయం అంతా ఈ రూల్లోనే ఉంది. చూపించు, పట్టుబట్టకు. పక్కన ఉండు, పైకి ఎక్కి కూర్చోకు.

ఆ క్యాంటీన్ రోజు తర్వాత నేను నా పద్ధతి మార్చుకున్నాను. ఊళ్లో, జిల్లాలో కొత్తవాళ్లతో నిలబడేటప్పుడు నేను పాటించేవి చెబుతాను. ఇవి వాలీబాల్‌కే కాదు, కబడ్డీకైనా, ఫుట్‌బాల్‌కైనా, హాకీకైనా పనికొస్తాయి.

మొదటిది, మెట్టు మెట్టు ఎక్కించాలి. జెండా, స్కోర్ బల్ల, రెండో రెఫరీ, ఆ తర్వాతే పైకుర్చీ. ఈత రానివాణ్ణి లోతులోకి తోసి "నేర్చుకుంటాడులే" అనకూడదు. అలాగని పదేళ్లు ఒడ్డునే కూర్చోబెట్టినా ఈత రాదు. పిల్లల మ్యాచ్, స్నేహపూర్వక మ్యాచ్, చిన్న పోటీ, ఇలా నీళ్లు కొంచెం కొంచెం లోతు చేసుకుంటూ పోవాలి.

రెండోది, మ్యాచ్‌కి ముందు ఒకే ఒక్క విషయం చెప్పాలి. పది చెబితే పదీ మరచిపోతాడు. "ఈ రోజు నీ విజిల్ గట్టిగా, ఒక్కసారే మోగాలి" అంటే చాలు. కొత్తవాడి విజిల్ పిట్ట కూసినట్టు ఉంటుంది. అది వినగానే ఆటగాళ్లకు వాడి భయం తెలిసిపోతుంది. ఇంకో రోజు, "తప్పు చూశాక తొందరపడకు, ముందు విజిల్, తర్వాత సర్వీస్ ఎవరికో చెయ్యి, ఆ తర్వాత ఏ తప్పో సైగ" అని ఆ వరుస ఒక్కటే చెప్పాలి.

మూడోది, మ్యాచ్ జరుగుతున్నంతసేపు నోరు కట్టేసుకోవాలి. గ్యాలరీలో కూర్చుని తల పట్టుకోవడం, చేతులు ఊపడం పనికిరాదు. పాత రెఫరీ తల అడ్డంగా ఊపితే జనం అంతా చూస్తారు. కుర్రాడి అధికారం ఆ ఊపుతోనే పోతుంది. చెప్పదలచుకున్నది చిన్న పుస్తకంలో రాసుకోవాలి.

నాలుగోది, అడ్డం నిలబడాలి గానీ బదులు నిలబడకూడదు. వివరణ అడిగే హక్కు ఆడుతున్న కెప్టెన్‌కే ఉంది. మిగతా ఆటగాళ్లు, కోచ్, ఆర్గనైజర్ బావమరిది, వీళ్లెవరూ కుర్చీ దగ్గరికి రాకుండా చూడటం పెద్దవాడి పని. కెప్టెన్‌కి జవాబు చెప్పడం కొత్తవాడి పని. తృప్తిపడకపోతే మ్యాచ్ చివర స్కోర్‌షీట్ మీద అభ్యంతరం రాసే హక్కు కెప్టెన్‌కి ఉంటుంది. ఈ సంగతి కుర్రాడికి ముందే చెబితే సగం భయం పోతుంది. అలాగే కార్డుల సంగతి. పసుపు కార్డు హెచ్చరిక మాత్రమే, ఎర్ర కార్డుకి అవతలి జట్టుకు పాయింట్, సర్వీస్. ఎంత కోపం వచ్చినా కార్డు జేబులోంచి తీసే ముందు ఒక ఊపిరి తీసుకోమనండి.

అయిదోది, మ్యాచ్ అయ్యాక ముందు మంచినీళ్లు, టీ. తర్వాత మాట. మాట కూడా ప్రశ్నతో మొదలవ్వాలి: "నీకు ఎక్కడ అనుమానం వచ్చింది?" మన దృష్టిలో పడిన తప్పు ఒకటైతే, వాణ్ణి లోపల తొలిచేది ఇంకొకటి ఉంటుంది. అది ముందు బయటికి రావాలి. తర్వాత వాడు బాగా చేసినవి రెండు చెప్పి, దిద్దుకోవాల్సింది ఒకటి చెప్పండి. ఆటగాళ్లు వినేలా మాత్రం వద్దు. అందరి ముందు మెచ్చుకోండి, ఎవరూ లేనప్పుడు దిద్దండి. ఇది మనకు లీడర్‌షిప్ క్యాడర్‌లో నేర్పిన పాఠమే. గ్రౌండ్‌లోకి వచ్చేసరికి మరచిపోతాం, నేను మరచిపోయినట్టు.

ఆరోది, ఇంటిదాకా తోడు వెళ్లాలి. సంక్రాంతికి, శివరాత్రికి మన పల్లెల్లో జరిగే పోటీలు మీకు తెలుసు. ఓడిన ఊరివాళ్లు బండి దగ్గర కాపు కాస్తారు. చాలాసార్లు మాటలతోనే పోతుంది గానీ, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ మాటలే బాకుల్లా గుచ్చుకుంటాయి. పక్కన తలనెరిసిన మాజీ ఫౌజీ ఒకడు నడుస్తుంటే ఆ మాటలు సగం గొంతులోనే ఆగిపోతాయి. పెద్ద పోటీల్లో ఇప్పుడు వీడియో చూసి తేల్చే పద్ధతి వచ్చింది. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో మీరు టీవీలో చూసే ఉంటారు. ఊరి గ్రౌండ్‌లో కెమెరా ఉండదు. అక్కడ కుర్రాడి కళ్లు, వాడి వెనక మనం. అంతే.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. నేర్పడం అంటే మనకన్నీ తెలుసని కాదు. నెట్ టచ్ రూలే తీసుకోండి. మా రోజుల్లో ఆడే క్రమంలో నెట్ తాకితే తప్పు. 2009 నుంచి దాన్ని సడలించి, ఆటకు అడ్డం వస్తేనే తప్పన్నారు, పై పట్టీ ముఖ్యం అన్నారు. 2015లో మళ్లీ మార్చారు. బంతి ఆడే క్రమంలో రెండు యాంటెన్నాల మధ్య నెట్‌ని ఎక్కడ తాకినా తప్పే. ఆ ఏడాది ఒక స్కూలు పోటీల్లో నేను సడలింపు రూలే పట్టుకుని కూర్చుంటే, రెండో రెఫరీగా ఉన్న పీఈటీ మేడమ్, నా కూతురి వయసు ఉంటుంది, సెట్ విరామంలో దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది: "సర్, ఈ ఏడాది అది మారిందండీ." అందరి ముందు చెప్పొచ్చు. చెప్పలేదు. పుస్తకం బ్యాగులో ఉన్నా తీసి చూపించలేదు. నాకు చాలా సంతోషం వేసింది. నేను 2000లో చేయలేనిది ఆ అమ్మాయి చేసి చూపించింది. నేర్చుకోవాలంటే ఇరవై ఏళ్లవాళ్ల దగ్గర కూడా మనం సిపాయిగా నిలబడాలి.

రెఫరీ మీద నమ్మకం ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ. నేను మొదటిసారి కుర్చీ ఎక్కిన 1986లోనే, పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల టెస్టుకి లాహోర్‌లో తటస్థ అంపైర్లుగా ఇద్దరు భారతీయుల్ని నిలబెట్టారు. ఒకరు పిలూ రిపోర్టర్, రెండోవారు మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. మనం ఎటువైపు తుపాకి పట్టుకుని కాపలా కాశామో అటువైపు వాళ్లు, తమ సొంత గ్రౌండ్‌లో మనవాళ్ల వేలిని నమ్మారు. ఫౌజీగా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అలాగే 2019లో మన జి.ఎస్. లక్ష్మి గారు అంతర్జాతీయ క్రికెట్ మండలి ప్యానెల్‌లో మొదటి మహిళా మ్యాచ్ రెఫరీ అయ్యారు. ఆ ఏడాదే పురుషుల వన్డే మ్యాచ్‌కి రెఫరీగా నిలిచారు. మన ఇళ్లలో విజిల్ పట్టగల ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో! వాళ్ల పక్కన ఒక పెద్ద నిలబడాలి, అంతే.

ముగించే ముందు మన సంఘానికి నా మనవి. మనవాళ్లలో చాలామంది నలభై ఏళ్లు నిండకుండానే ఇంటికి వస్తారు. 2022లో అగ్నిపథ్ వచ్చింది కాబట్టి, ఇకపై నాలుగేళ్ల సర్వీసుతోనే ఊరికి తిరిగి వచ్చే కుర్రాళ్లూ ఉంటారు. కాళ్లలో బలం, ఒంట్లో క్రమశిక్షణ, వేళకు గ్రౌండ్‌కి వచ్చే అలవాటు, ఒత్తిడిలో తల చల్లగా ఉంచుకునే శిక్షణ, ఇవన్నీ ఉన్నవాళ్లు. ఇంతకంటే మంచి రెఫరీల పంట ఎక్కడ దొరుకుతుంది? మరోవైపు జిల్లాల్లో పోటీలు పెడితే ఊదేవాడు దొరక్క, ఓడిన జట్టు కోచ్‌నే బతిమాలి నిలబెట్టే పరిస్థితి నేను కళ్లారా చూశాను.

అందుకని పెద్ద పథకాలేమీ వద్దు. మనలో రెఫరీ పరీక్ష పాసైనవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క కొత్తవాణ్ణి తీసుకోండి. ఒక్కణ్ణే. వాడితో పది మ్యాచ్‌లు నిలబడండి. మొదటి అయిదింటిలో మీరు పైన, వాడు కింద. తర్వాతి అయిదింటిలో వాడు పైన, మీరు కింద. పదకొండో మ్యాచ్‌కి మీరు వెళ్లకండి. వాడు ఇంటికొచ్చి ఎలా జరిగిందో చెబుతాడు, అప్పుడు టీ ఇవ్వండి. సర్వీసులో ఉన్న సోదరులకు కూడా ఇదే నా మాట. మీ యూనిట్లో జెండా పట్టుకున్న సిపాయి ఎవరో ఒకసారి చూడండి. వాడు వంగి గీత మీద వేలు పెడితే, వాదిస్తున్నాడనుకోకండి. దిగి వెళ్లి చూడండి.

ఆ మలయాళీ సుబేదార్ సాబ్ ఇప్పుడు లేరు. ఆయన బాకీ ఆయనకు తీర్చలేను. క్యాంటీన్‌లో కనిపించిన కుర్రాడి బాకీ కూడా వాడికి తీర్చలేను, వాడు మళ్లీ జెండా పట్టనన్నాడు. ఈ రెండు బాకీలూ నేను కొత్తవాళ్లకే కట్టుకుంటూ వస్తున్నాను. ఇప్పటికి తొమ్మిదిమంది అయ్యారు. అందులో ఆరుగురు ఇంకా ఊదుతున్నారు. మిగిలిన ముగ్గురి గురించి, నేను ఎక్కడ తప్పు చేశానా అని ఆలోచిస్తూనే ఉంటాను.

నా సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు. విజిల్ ఊదకముందే దిగిపోవడం మర్యాద.

జై హింద్.